అది నా హస్తవాసి కాదు



అక్టోబరు మాసంలో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త చదివినప్పుడల్లా నాకొక వృద్ధురాలి మాట జ్ఞాపకానికి వస్తుంది. "మీ హస్తవాసి మంచిది బాబూ. ఇక్కడికొచ్చి కూర్చున్నానో లేదో, పొద్దుటినుంచీ బద్దలవుతున్న తల తేలికపడింది." వైద్యవృత్తిలో గడిపిన దశాబ్దాలలో ఈ మాట ఎందరి నోటనో విన్నాను. విన్న ప్రతిసారీ లోలోపల సంతోషించాను. ఆనాడు సంతోషించడం మాని ఆ మాటకు అర్థమేమిటని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే, ఆమె మరునాటి సూర్యోదయం చూసి ఉండేది.

ఈ వ్యాసం ఇళ్ళలోనూ చిన్న దుకాణాలలోనూ వాడుకొనే పెట్రోలు జనరేటర్ల గురించి. యంత్రాల సంగతి మెకానిక్కులు చెప్పాలి గాని వైద్యుడికెందుకని మీకు అనిపించవచ్చు. ఆ యంత్రం చేసే హాని చివరకు చేరేది వైద్యుడి వద్దకే. చేరినప్పుడు దానిని గుర్తుపట్టడం ఎంత కష్టమో అనుభవంతో తెలుసుకున్నవాడిని కనుక వ్రాస్తున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. ఆ గాలిని చూసిన వారికి నేను వర్ణించనక్కరలేదు. చూడని వారికి వర్ణించినా తెలియదు. సోమవారం తెల్లవారేసరికి నగరంలో ఆకున్న చెట్టు లేదు. కరెంటు స్తంభాలు వంగి రోడ్లకు అడ్డంగా పడి ఉన్నాయి. పాలకు వరుస, నీళ్ళకు వరుస, పెట్రోలుకు వరుస. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఉన్న ఇన్వర్టర్లు ఒక రాత్రితో చల్లారిపోయాయి. అప్పుడు జనం దృష్టి జనరేటర్ల మీదకు మళ్ళింది. పెళ్ళిళ్ళకు షామియానాలు అద్దెకిచ్చే వారి వద్దనుండి, బజారులోని దుకాణాలనుండి, పల్లెలలోని బంధువుల వద్దనుండి ఎవరికి దొరికినవి వారు తెచ్చుకున్నారు. రాత్రివేళ మా వీధి అంతా ఆ మోతే.

బుధవారం సాయంత్రం మా ఆసుపత్రికి ఒక కుటుంబం వచ్చింది. భర్త, భార్య, పదేళ్ళ కుమారుడు, ఆయన తల్లి. రెండు వీధుల అవతల మేడ మీద కాపురం. భర్తది నీటి సరఫరా విభాగంలో ఉద్యోగం. తుఫాను వెలిసిన క్షణంనుండి ఆయన ఇంటిపట్టున లేడు. ఆయనకే బాధా లేదు. తక్కిన ముగ్గురికీ తలపోటు, వికారం, కాళ్ళలో సత్తువ లేకపోవడం. పిల్లవాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు.

ఆ వారంలో అదే లక్షణాలతో నా వద్దకు వచ్చిన వారు ఎందరో. నీళ్ళు చెడిపోయాయి, ఫ్రిజ్‌లలో వండిన పదార్థాలు పాడయ్యాయి, జనం దొరికినదేదో తింటున్నారు. నేను కొవ్వొత్తి వెలుగులో నాడి చూశాను, పొట్ట తడిమి చూశాను, వేలికి ఆక్సీమీటరు తగిలించాను. ముగ్గురికీ తొంభై ఎనిమిదికి అటూ ఇటూ చూపింది. ఆహారదోషమని నిర్ణయించి, వాంతులు తగ్గడానికి సూదిమందు ఇచ్చి, ఓఆర్ఎస్ పొట్లాలు చేతిలో పెట్టి, నీళ్ళు కాచి త్రాగమని చెప్పి పంపించివేశాను. వెళ్ళేముందు ఆ పెద్దావిడ అన్న మాటే నేను మొదట వ్రాసినది.

సత్యం నా కళ్ళెదుటే ఉంది. ముగ్గురిలో ఎవరికీ జ్వరం లేదు, విరేచనాలు లేవు. ఒకే ఇంటి భోజనం తిన్న నలుగురిలో ఇంట లేని ఒక్కడు మాత్రం కులాసాగా ఉన్నాడు. జబ్బుపడ్డ ముగ్గురూ నా వద్ద కూర్చున్న అరగంటలో, సూదిమందు పడక మునుపే కొంత తేరుకున్నారు. అది నా హస్తవాసి కాదు. వారి ఇంటి గాలినుండి బయటపడడం. ఇంట్లో జనరేటరు ఉన్నదా అని నేను అడగలేదు. అడగాలని తోచలేదు.

భర్త వారిని ఇంటివద్ద దింపి, జనరేటరులో పెట్రోలు పోసి, దానిని నడిపించి, తిరిగి డ్యూటీకి వెళ్ళాడు. రాత్రి మూడు గంటల వేళ మా తలుపు తట్టాడు. ఇల్లంతా చీకటిగా ఉందట, జనరేటరు ఆగిపోయి ఉందట, ఎంత పిలిచినా లోపల ఎవరూ లేవడం లేదట. టార్చిలైటు పట్టుకొని, పడిపోయిన చెట్ల కొమ్మలు దాటుకుంటూ ఆయన వెంట నడిచాను.

జనరేటరు మెట్లక్రింద ఉంది. ముందు కటకటాల గేటు. జల్లు కొట్టకుండా ఆ గేటుకు టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. మేడ మీద, తుఫానులో అద్దాలు పగిలిన కిటికీలకు కూడా పట్టాలే బిగించి ఉన్నాయి. పొగకు మిగిలిన త్రోవ మెట్లు ఒక్కటే. మెట్లదారి ఆ ఇంటికి పొగగొట్టమయింది. ఆ పెద్దావిడ అప్పటికే మరణించింది. కోడలికి, మనవడికి స్పృహ లేదు, ఊపిరి ఉంది. అలవాటు చొప్పున కోడలి వేలికి ఆక్సీమీటరు తగిలించాను. తొంభై ఏడు చూపింది. స్పృహ తప్పి, ఊపిరి అందక ఉన్న మనిషికి తొంభై ఏడు! అప్పుడు గాని నాకు వెలగలేదు.

పెట్రోలు ట్యాంకులో మరొక లీటరు మిగిలి ఉంటే ఆ ఇద్దరు కూడా దక్కేవారు కారు. పెట్రోలు అయిపోయి యంత్రం ఆగింది కనుక బ్రతికారు.

ఇక ఆ వాయువు సంగతి. పెట్రోలు, డీజిలు, కట్టె, బొగ్గు, వంటగ్యాసు వంటి ఇంధనమేదైనా గాలి చాలక అసంపూర్ణంగా మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. పొగ వాసన వస్తే లేచి వెళ్ళిపోతాములే అనుకోకండి. ఆ వాసన ఇతర పదార్థాలది. వాసన తెలియనంత దూరంలో ఉన్న గదిలో కూడా ఈ వాయువు ఉండవచ్చు. బరువులో ఇది గాలికి ఇంచుమించు సమానం కనుక నేలమీద పడుకున్నవారికీ, మంచంమీద పడుకున్నవారికీ తేడా లేదు. గాలితో కలిసి గాలి వెళ్ళిన చోటికల్లా వెళుతుంది.

మన రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు మీద ఉన్న మక్కువకంటే ఈ విషవాయువు మీద రెండువందల రెట్లకు మించిన మక్కువ. రెండూ ఎదురుపడితే విషాన్నే హత్తుకుంటుంది, ఒక పట్టాన వదలదు. గాలిలో వెయ్యింట ఒక వంతు ఉన్నా కొన్ని గంటలలో ప్రాణం పోతుంది. అంతేకాదు; హీమోగ్లోబిన్ అప్పటికే మోసుకొస్తున్న కాస్త ప్రాణవాయువును కూడా కణజాలానికి దించకుండా బిగపట్టుకుంటుంది. ముందుగా ఇబ్బంది పడేవి ప్రాణవాయువు ఎక్కువగా ఖర్చు చేసే అవయవాలు, అంటే మెదడు, గుండె. అందువలన తలపోటు, మగత, తడబాటు. మగత కమ్మిన మనిషికి లేచి తలుపు తీయాలన్న ఆలోచన రాదు. నిద్రలో ఉన్న మనిషికి తలపోటు కూడా తెలియదు.

మరి ఆక్సీమీటరు ఎందుకు అబద్ధం చెప్పింది? అది వేలిగుండా ఎర్రని కాంతిని, కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపి రక్తం రంగునుబట్టి లెక్క కడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ కూడా ఎర్రగానే ఉంటుంది. ఆ పరికరానికి రెండింటికీ భేదం తెలియదు. కరోనా తర్వాత మన ఇళ్ళలో ఆక్సీమీటరు థర్మామీటరంత సాధారణమయింది కనుక దీనిని ప్రత్యేకించి చెబుతున్నాను. పొగ పట్టిన మనిషికి అది తొంభై తొమ్మిది చూపినా నమ్మకండి. రక్తం తీసి, కో-ఆక్సీమీటరనే యంత్రంలో పరీక్షిస్తే గాని నిజం తెలియదు. విషం సోకినవారి చర్మం చెర్రీపండులా ఎర్రబడుతుందని మేము పాఠ్యగ్రంథాలలో చదువుకున్నాము. ఆ ఎరుపు బ్రతికి ఉన్నవారిలో అరుదు. ఎక్కువగా కనిపించేది మరణించినవారిలో.

జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు పంతొమ్మిదవ శతాబ్దం చివర ఈ వాయువును తానే పీల్చి, తన శరీరంలో కలిగిన మార్పులను వ్రాసుకున్నాడు. గనులలోకి చిన్న పక్షులను పంజరాలలో తీసుకెళ్ళమని సలహా ఇచ్చినవాడు ఆయనే. పిట్టకు శ్వాస వేగం, శరీరం చిన్నది. మనిషికంటే ముందు సొమ్మసిల్లుతుంది. బ్రిటను గనులలో ఆ పద్ధతి 1986 దాకా సాగింది. పసిపిల్లలు పెద్దలకంటే ముందు జబ్బుపడడానికీ కారణం అదే. గర్భిణుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గర్భస్థ శిశువు హీమోగ్లోబిన్ ఈ విషాన్ని తల్లి హీమోగ్లోబిన్‌కంటే గట్టిగా పట్టుకుంటుంది. తల్లి తేరుకున్నా శిశువుకు ప్రమాదం తప్పిందని చెప్పలేము.

ఆ రాత్రి ఇద్దరినీ ఆసుపత్రికి మోసుకొచ్చి, ముఖానికి బిగుతుగా మాస్కు పెట్టి సిలిండరులోని ప్రాణవాయువు పట్టించాను. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ప్రాణవాయువు పీలిస్తే గంట, గంటన్నర. తెల్లవారేసరికి పిల్లవాడు కళ్ళు తెరిచి నానమ్మను అడిగాడు. మధ్యాహ్నానికి తల్లికి తెలివి వచ్చింది. ఇద్దరూ ఇంటికి వెళ్ళారు. మూడు వారాల తర్వాత భర్త మళ్ళీ వచ్చి, భార్య మనిషి మారిపోయిందని చెప్పాడు. పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోతోంది, ఉప్పు డబ్బా ఎక్కడుందో తనకే తెలియడం లేదు, అత్తగారు పోయిన దుఃఖం కూడా ముఖంలో కనిపించడం లేదు. ఈ విషం కొందరిలో కొన్ని రోజులకు, కొన్ని వారాలకు ఇలా తిరిగి తల ఎత్తుతుంది. ఆమె పూర్తిగా కోలుకోవడానికి ఇంచుమించు ఏడాది పట్టింది. అందుచేత స్పృహ రాగానే గండం గడిచిందని వైద్యుడిని చూడడం మానవద్దు.

ఆమెకు తెలివి వచ్చిన రోజున భర్త నాతో అన్న మాటలు ఇవి: "బయట పెడితే వానకు తడుస్తుందని, ఎవడైనా ఎత్తుకుపోతాడని లోపల పెట్టాను సార్. మోతకు ప్రక్కింటివాళ్ళు తిడుతున్నారు కూడా." ఆయన చదువుకున్నవాడు. పొగ మంచిది కాదని ఆయనకు తెలియదా? తెలుసు. జనరేటరు ఇంట్లో పెట్టకూడదని దానితోపాటు వచ్చే పుస్తకంలోనే వ్రాసి ఉంటుంది. అయినా వాన, దొంగ, ఇరుగుపొరుగు అనే మూడింటికీ సమాధానం చెప్పకుండా బయట పెట్టమంటే మనుషులు పెట్టరు. కనుక ఆ మూడింటి గురించే చెబుతాను.

వానకు తడవకూడదన్న మాట నిజమే. తడిసిన జనరేటరు షాకు కొడుతుంది. దానికి మార్గం, నాలుగు ప్రక్కలా తెరిచి ఉన్న చూరు. నాలుగు కర్రలమీద ఎత్తుగా ఒక రేకు వేసి, క్రింద ఇటుకలు పేర్చి, వాటిమీద పెట్టండి. నడుస్తున్న యంత్రానికి పట్టా చుట్టకండి. తడి చేతులతో తాకకండి. దొంగ భయానికి మార్గం గొలుసు, తాళం. సైకిలుకు వేసినట్లే స్తంభానికి వేయవచ్చు. అది ఇంటిగోడనుండి దూరంగా ఉన్న స్తంభమై ఉండాలి. ఎంత దూరమంటారా? కనీసం ఇరవై అడుగులు. తలుపులకు, కిటికీలకు, వెంటిలేటర్లకు అన్నింటికీ అంత దూరం ఉండాలి. సైలెన్సరు ముఖం ఇంటికి ఎదురుగా ఉండరాదు. వరండా బయట కాదు. బాల్కనీ బయట కాదు. మెట్లక్రింది చోటు, సెల్లారు, కారు షెడ్డు ఇవేవీ బయట కావు. కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి ఇంట్లో నడుపుకుంటామని కొందరంటారు. అది ప్రాణాలతో పందెం. అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల భద్రతా సంస్థ లెక్కలో ఒక చిన్న జనరేటరు వందలాది కార్లు వదిలేంత కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దానిని కిటికీ తెరిచి సాగనంపలేము.

ప్రక్కింటివారి మాట మిగిలింది. నగరంలో మన ఇళ్ళు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. మన కిటికీకి ఇరవై అడుగుల దూరమంటే వారి కిటికీకి మూడడుగులు. మోతకు వారు తిడితే ఓర్చుకోవచ్చు. మన పొగకు వారి పసిబిడ్డ నిద్రలోనే పోతే? మీ స్థలంలో ఏ దిక్కుకు చూసినా ఇరవై అడుగులు లేకపోతే జనరేటరు మీ ఇంటికి తగినది కాదని నిర్మొహమాటంగా చెబుతున్నాను. బ్యాటరీ ఇన్వర్టరు పొగ విడవదు. అది కూడా లేకపోతే విసనకర్ర.

తక్కిన జాగ్రత్తలు క్లుప్తంగా. నడుస్తున్న, లేదా ఇప్పుడే ఆపిన జనరేటరులో పెట్రోలు పోయవద్దు, సైలెన్సరు చల్లారనివ్వండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, నేలపై ప్రాకి దీపపు కుందె దాకా పోతుంది. కనుక పెట్రోలు డబ్బా ఇంట్లో ఉంచరాదు. జనరేటరునుండి ఇంటికి వేసే తీగ ఆరుబయట వాడదగినదై, మందంగా ఉండాలి. చుట్టచుట్టి ఉన్న తీగను పూర్తిగా విప్పి వాడండి. చుట్టలోనే ఉంచి ఎక్కువ భారం వేస్తే వేడెక్కి కాలుతుంది.

ఒక్క విషయం మాత్రం క్లుప్తంగా చెప్పి వదలలేను. రెండువైపులా ప్లగ్గు పెట్టిన తీగతో జనరేటరును ఇంటి గోడలోని సాకెట్టుకు తగిలించి, ఇల్లంతా వెలిగించే 'తెలివి' ఒకటి మన ఊళ్ళలో ఉంది. ఆ తుఫాను వారంలో మా వీధిలోనే చూశాను. మెయిన్ ఆఫ్ చేయడం మరచిపోతే ఆ కరెంటు మీటరు దాటి, వీధి తీగల వెంట వెనుకకు ప్రయాణించి ట్రాన్స్‌ఫార్మరు చేరుతుంది. పదకొండు వేల వోల్టులను తగ్గించి మన ఇంటికిచ్చే ఆ ట్రాన్స్‌ఫార్మరే, ఇటునుండి పంపితే తిరిగి వేల వోల్టులకు పెంచుతుంది. సరఫరా ఆపివేశారన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మన్ చేతిలో అప్పుడు ఆ తీగ ఉంటుంది. మన ఇంటికి వెలుగు తేవడానికి ఎక్కినవాడు! ఇంటి వైరింగుకు జనరేటరు కలపదలిస్తే, ఎలక్ట్రీషియను చేత చేంజోవర్ స్విచ్ పెట్టించుకోవడం తప్ప వేరే దారి లేదు.

2021 ఫిబ్రవరిలో టెక్సాసు రాష్ట్రం మంచుతుఫానులో చిక్కి, రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నప్పుడు హ్యూస్టనునుండి మా అమ్మాయి ఫోను చేసింది. ఇంట్లో ఎముకలు కొరికే చలి. గరాజులో కారు నడుపుతూ అందులో కూర్చుంటే వెచ్చగా ఉంటుంది, ఫోన్లు కూడా ఛార్జి అవుతాయని అల్లుడి ఆలోచన. గరాజు తలుపు తెరిచే ఉంచుతామని అంది. నేను జీవితంలో మొదటిసారి దానిమీద కేకలు వేశాను. ఆ వారంలో అక్కడ గరాజులలో కార్లు నడిపి, ఇంటిలోపల జనరేటర్లు, బొగ్గుల పొయ్యిలు పెట్టుకొని మరణించినవారు ఉన్నారు. ఆ దేశంలో చాలా ఇళ్ళలో ఈ వాయువును పసిగట్టి మ్రోగే అలారాలు ఉంటాయి. మన దేశంలోనూ అవి ఆన్‌లైనులో దొరుకుతున్నాయి. జనరేటరు గాని, స్నానాలగదిలో గ్యాసు గీజరు గాని ఉన్నవారు పడకగది వద్ద ఒకటి పెట్టుకోండి. అయితే అలారం ఉన్నది గదా అని జనరేటరును లోపలికి తేకండి.

ఇంట్లో ఒకరికంటే ఎక్కువమందికి ఒకేసారి తలపోటు, వికారం వచ్చి, బయటకు వెళితే తగ్గి, తిరిగి రాగానే పెరుగుతూ ఉంటే అది ఆహారదోషమని సరిపెట్టుకోవద్దు. అందరూ వెంటనే ఆరుబయటకు వెళ్ళండి. పడుకుంటే తగ్గుతుందని పడుకోవద్దు. స్పృహ తప్పినవారిని బయటకు లాగే ముందు తలుపులు బార్లా తెరవండి. లోపల నిలిచి వారిని లేపుతూ కూర్చున్నవారు కూడా వారి ప్రక్కనే పడిపోతారు. 108కు ఫోను చేయండి. వైద్యుడు అడగకపోయినా, "మా ఇంట్లో జనరేటరు నడుస్తోంది" అని మీరే చెప్పండి. కొవ్వొత్తి వెలుగులో, నలభైమంది రోగుల మధ్య ఆయనకు తోచకపోవచ్చు.

ఆ భర్త నాతో మాటలు మానుకోలేదు. నేనైతే చాలాకాలం ఆయన ముఖం చూడలేకపోయాను. నేను ఏమి అడగవలసి ఉండెనో, ఏమి అడగలేదో ఒకనాడు ఆయనకు వివరంగా చెప్పాను. విని, కాసేపు కూర్చుని, కాఫీ త్రాగి వెళ్ళారు. ఇప్పుడు ఆయన ఊరి శివారున సొంత ఇంటిలో ఉంటున్నారు. పెరటిలో కొబ్బరిచెట్టు ప్రక్కన రేకు చూరు వేసి, క్రింద జనరేటరు పెట్టుకున్నారు. తుఫాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ఫోను చేస్తారు. "గొలుసు వేశాను డాక్టరు గారూ, పెట్రోలు డబ్బా షెడ్డులో పెట్టాను" అంటారు. సైలెన్సరు ఏ దిక్కుకు ఉందని నేను అడుగుతాను. మొన్న అడిగితే, ఒక్క నిమిషం ఉండండని ఫోను పట్టుకొనే పెరటిలోకి వెళ్ళి చూసి వచ్చారు.